వీధిబడి ఇసుక, కచ్చేరి కాగితం: దత్తమండలాల భాషాబోధనపై ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

బళ్ళారి కలెక్టర్ ఏ.డి. క్యాంబెల్ 1823లో పంపిన దేశీయ పాఠశాలల నివేదికను విద్యాచరిత్రకారులు ఎక్కువగా బడుల లెక్క కోసమే చదివారు. ఆనాటి పిల్లలకు సహజంగా అబ్బిన భాషకూ, బడిలో నేర్చిన భాషకూ మధ్య ఉన్న సంబంధాన్ని అదే నివేదిక ఎలా నమోదు చేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వీధిబడిలో పద్యం వల్లెవేయడంతో పాటు నిజమైన ఉత్తరాలను, దస్తావేజులను చదివించే పద్ధతి కూడా ఉండేదనీ, తరువాతి సంస్కరణలు మొదటిదాన్ని నిలిపి రెండవదాన్ని వదిలివేశాయనీ ప్రతిపాదిస్తుంది. ముదిగుబ్బ పరిసరాలను ఉదాహరణక్షేత్రంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: సహజ భాషార్జన, భాషాభ్యసనం, వీధిబడి, దత్తమండలాలు, క్యాంబెల్ నివేదిక, సి.పి. బ్రౌన్, వ్యావహారిక భాష, ముదిగుబ్బ.

1. ఉపోద్ఘాతం

అనంతపురం నుంచి కదిరి వెళ్ళే దారిలో, ధర్మవరం–పాకాల రైలుమార్గం మీద ఉన్న మండలకేంద్రం ముదిగుబ్బ. వాన తక్కువ, రాయి ఎక్కువ. వేరుశనగను నమ్ముకున్న ఎర్రనేలలు. పాలనాపరంగా ఈ ప్రాంతం పలుమార్లు చేతులు మారింది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన దత్తమండలాలలో ఇది భాగం. కదిరి ప్రాంతంతో పాటు ముదిగుబ్బ కూడా కడప జిల్లాలో ఉండి, 1910లో అనంతపురం జిల్లాలో చేరింది. ఆ అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయి ఏర్పడింది. 2022లో ముదిగుబ్బ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. పడమట పొరుగున ఉన్న ధర్మవరం, అనంతపురం ఆనాడు బళ్ళారి కలెక్టరు పాలనలోవి. అంటే పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో ముదిగుబ్బ రెండు జిల్లాల అంచున ఉండేది. ఆ రెండు జిల్లాల నుంచీ విద్యపై నివేదికలు వెలువడ్డాయి.

భాషాపరంగా కూడా ఇది అంచుసీమే. ఊళ్ళలో తెలుగు, ముస్లిం ఇళ్ళలో దక్కనీ ఉర్దూ, సుగాలి తండాలలో ఇండో–ఆర్యన్ కుటుంబానికి చెందిన లంబాడీ, పడమటికి పోయేకొద్దీ కన్నడం. తండాలో పుట్టిన బిడ్డ తల్లి దగ్గర లంబాడీని, పొలంపనిలో, అంగడిలో తెలుగును ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే నేర్చుకుంటుంది. అదే బిడ్డ బడిలో తెలుగు వాచకం ముందు తడబడితే ‘భాష రాదు’ అనే ముద్ర పడుతుంది. రెండు భాషలు మాట్లాడే మనిషికి భాష రాదనడంలో ఉన్న వైరుధ్యానికి ఒక చరిత్ర ఉంది.

2. వృద్ధవ్యవహారం

సహజ భాషార్జన, ప్రయత్నపూర్వక అభ్యసనం అనే భేదాన్ని ఇటీవలి కాలంలో అమెరికన్ భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ 1970, 80 దశకాలలో సిద్ధాంతీకరించాడు. అర్థమయ్యే భాషను తగినంతగా వినడం వల్ల తెలియకుండానే అలవడేది ఆర్జన. నియమాలను తెలిసి నేర్చుకునేది అభ్యసనం. ఒకటి మరొకటిగా మారదని ఆయన వాదం. ఈ చివరి మాటపై విమర్శలు చాలా వచ్చాయి.

భారతీయ శాస్త్రచర్చకు ఈ విషయం కొత్త కాదు. పదానికి, అర్థానికి గల సంబంధం బాలుడికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు మీమాంసకులు వృద్ధవ్యవహారాన్ని సమాధానంగా చూపారు. పెద్దవాడు ఆవును తెమ్మంటాడు, రెండవవాడు తెస్తాడు. పక్కన కూర్చున్న బాలుడు మాటను, చేతను కలిపి గమనిస్తాడు. మరోసారి ఆవును కట్టివేయమంటారు, ఇంకోసారి గుర్రాన్ని తెమ్మంటారు. ఒక మాట తొలగి మరొకటి చేరినప్పుడు జరిగే పనిలో మార్పును చూసి, ఈ ఆవాపోద్వాపాల ద్వారా ఒక్కొక్క పదం విడివిడిగా బోధపడుతుంది. శక్తిగ్రహానికి వ్యాకరణం, కోశం, ఆప్తవాక్యం వంటివి కూడా సాధనాలే అయినా అవన్నీ అప్పటికే కొంత భాష వచ్చినవాడికి ఉపకరించేవి, తొలిమెట్టు వ్యవహారమే. ఇక్కడ గమనించదగినది, బాలుడితో ఎవరూ నేరుగా మాట్లాడకపోవడం. ఇద్దరి మధ్య నిజంగా జరుగుతున్న పనే అతనికి పాఠం.

ఇంత స్పష్టమైన సిద్ధాంతం ఉన్న దేశంలో బడి మాత్రం మరో దారిన నడిచింది. ఎలా నడిచిందో చెప్పే అత్యుత్తమ సాక్ష్యం బళ్ళారి నుంచే దొరుకుతుంది.

3. క్యాంబెల్ చూసిన బడి

దత్తమండలాల తొలి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో మద్రాసు గవర్నరైన తరువాత, 1822లో ప్రతి జిల్లాలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపమని ఆదేశించాడు. చాలామంది కలెక్టర్లు పట్టికలు నింపి ఊరుకున్నారు. కడప నుంచి 1825లో వెళ్ళిన సమాధానం ప్రకారం ఆ జిల్లాలో 494 బడులు, 5,892 మంది విద్యార్థులు ఉన్నారు. ముదిగుబ్బ ప్రాంతం చేరేది ఈ లెక్కలోనే. పదేళ్ళు దాటిన పేద బ్రాహ్మణ బాలురు ఇల్లు వదిలి, ఉచితంగా చదువు చెప్పే గురువున్న ఊరికి నడిచిపోయి, ఇంటింటా అన్నం అడుక్కుంటూ చదువుకునేవారని ఆ నివేదికలో హృదయాన్ని తాకే వర్ణన ఉంది. అది శాస్త్రవిద్యకు సంబంధించినది. సాధారణ వీధిబడిలో ఏమి జరిగేదో తెలియాలంటే పొరుగు జిల్లాకే వెళ్ళాలి.

అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన బళ్ళారి నివేదిక పట్టికతో ఆగలేదు. ఆయన సామాన్య అధికారి కాడు. 1816లో వెలువడిన తెలుగు వ్యాకరణానికి, 1821లో వచ్చిన నిఘంటువుకు కర్త. సివిల్ ఉద్యోగులకు దేశభాషలు నేర్పిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలతో సన్నిహిత సంబంధం ఉన్నవాడు. బడి గురించి రాసింది భాషావేత్త కావడం ఈ నివేదికకున్న ప్రత్యేకత.

ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అందులో బాలికలు 60 మంది మాత్రమే. భాషలవారీగా చూస్తే 235 బడులలో కన్నడం, 226లో తెలుగు, 23లో మరాఠీ, 21లో పారశీకం, 4లో తమిళం, ఒక్కదానిలో ఇంగ్లీషు బోధించేవారు. మిగిలిన 23 సంస్కృత శాస్త్రాలు చెప్పే స్థానాలు. కన్నడ, తెలుగు బడుల సంఖ్య దాదాపు సమానంగా ఉండటం ఈ సీమ స్వభావాన్ని చెబుతుంది.

అయిదవ ఏట అక్షరాభ్యాసం. వినాయకుని ముందు కూర్చోబెట్టి బియ్యంలో వేలితో రాయించేవారు. బడిలో పొద్దున ఆరుగంటలకే పాఠం మొదలు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండవవాడికి సున్న, మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవాడికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి పెంచుతూ దెబ్బలు. (చివరగా వచ్చేవాడి సంగతి ఊహించుకోవలసిందే.) అక్షరాలను నోటితో వల్లించడం కాక, ఇసుకలో వేలితో దిద్దుతూ నేర్చుకోవడం మొదటి మెట్టు. చెయ్యి తిరిగాక తాటాకు, గంటం లేదా కాగితం, కలం. ఈ జిల్లాల్లో ఎక్కువగా వాడినవి పలక, కడితం. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవున్న చెక్కకు అన్నం, బొగ్గుపొడి పూస్తే పలక. గంజి పెట్టిన గుడ్డను పుస్తకంలా మడతలు పెట్టి బొగ్గు, బంక పూస్తే కడితం. పైతరగతి పిల్లలే కిందివారికి పాఠం చెప్పే పద్ధతిని క్యాంబెల్ మనసారా మెచ్చుకున్నాడు. అది ఇంగ్లండులో అనుకరణ పొందడం న్యాయమేనన్నాడు. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ ఇసుకరాతను, విద్యార్థి–ఉపాధ్యాయ పద్ధతిని అమలుచేసి, 1797లో లండనులో దానిపై పుస్తకం ప్రచురించిన విషయం విద్యాచరిత్రలో ప్రసిద్ధం.

క్యాంబెల్ అసలు అభ్యంతరం పుస్తకాల గురించి. అన్ని వర్గాల పిల్లలూ రామాయణ, భారత, భాగవతాలు చదివేవారు. చేతివృత్తులవారి పిల్లలకు విశ్వకర్మ పురాణం వంటివి, లింగధారుల పిల్లలకు బసవ పురాణం వంటివి అదనం. ఇవన్నీ కావ్యభాషలో ఉన్నవి. ఆ భాష మాట్లాడే భాషకు, వ్యవహారభాషకు ఎంతో దూరం. లిపి ఒకటే అయినంత మాత్రాన చదివినది అర్థం కాదు. పిల్లలు పద్యాలు తప్పు లేకుండా అప్పజెబుతారు కాని, ఉపాధ్యాయుడికే సరిగా అర్థం తెలియనప్పుడు అవి చిలకపలుకులే అవుతాయని ఆయన తీర్పు. తెలుగునాట గ్రాంథిక–వ్యావహారిక సమస్యను విద్యాసమస్యగా గుర్తించిన తొలి అధికారిక పత్రాలలో దీన్ని ఒకటిగా లెక్కించవచ్చు. గిడుగు వాదానికి ఇది దాదాపు తొంభై ఏళ్ళ ముందుది.

అయితే అదే నివేదికలోని మరొక భాగానికి అంత గుర్తింపు రాలేదు. బడిపంతులు ఎక్కడెక్కడి నుంచో రకరకాల చేతిరాతలున్న ఉత్తరాలను, సర్కారు కాగితాలను సేకరించి పిల్లలచేత చదివించేవాడు. మామూలు ఉత్తరాలు, ఒప్పందపత్రాలు రాయడం నేర్పేవాడు. కథలు చదివించేవాడు. పద్యం కంఠస్థం చేయించడంలో ప్రధానోద్దేశం ఉచ్చారణ స్పష్టత, ఏ రచననైనా తడుముకోకుండా చదివే నేర్పు అని క్యాంబెలే రాశాడు. అంటే ఆ బడిలో రెండు భాషలు, రెండు పద్ధతులు ఏకకాలంలో నడిచాయి. పద్యం నాలుకకు, చెవికి తర్ఫీదు. ఉత్తరం, కరారునామా, కచ్చేరి కాగితం బతుకుకు తర్ఫీదు. రెండవదానిలోని భాష పిల్లవాడు ఇంటా బయటా వింటున్న భాషకు దగ్గరది. అప్పు కాగితంలో ఏముంటుందో, తప్పు చదివితే ఏమవుతుందో అతనికి తెలుసు. మీమాంసకుల బాలుడు చూసిన ఆవు, గుర్రం ఇక్కడ కాగితం మీదికి వచ్చాయి.

చిలకపలుకుల తీర్పును కూడా కొంత సవరించుకోవాలి. బడిలో అర్థం చెప్పకపోయినా భారత, రామాయణాల అర్థం పిల్లవాడికి మరోవైపు నుంచి చేరుతూ ఉండేది. పురాణకాలక్షేపం, హరికథ, అన్నిటికన్నా తోలుబొమ్మలాట. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నేటికీ తోలుబొమ్మల కళాకారుల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రదేశంలో ఈ కళను వృత్తిగా చేసుకున్న కుటుంబాలలో అనేకం ఇంట్లో మరాఠీ సంబంధమైన ఆరె భాష మాట్లాడేవి. ఆ ఇళ్ళ పిల్లలు తెర వెనుక పెద్దల పక్కన కూర్చుని, ఇంటిభాష కాని తెలుగులో, అందులోనూ కావ్యభాషలో పద్యాలను రాగంతో సహా అందుకునేవారు. బొమ్మ కదలిక, పాత్ర గొంతు, జనం నవ్వు ప్రతి పద్యానికీ అర్థాన్ని అక్కడికక్కడే అందిస్తాయి. కఠినమైన భాష సహజంగా అబ్బదని అనుకోవడం సరికాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ పీఠభూమిలో దొరకదు. పద్యం పని చేస్తున్న చోట అది అబ్బింది. పని లేని చోట చిలకపలుకైంది. బడినే చూసిన క్యాంబెల్‌కు ఊరు చెప్పే పాఠం కనపడలేదు.

బడులు తగ్గిపోవడానికి కారణాలను మాత్రం ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. ఇంగ్లండు బట్టల దిగుమతితో చేతిపనివారి సంపాదన పడిపోయిందనీ, బిడ్డలను బడికి పంపే స్తోమత జనానికి తగ్గిందనీ, ఒకప్పుడు బడులున్న అనేక గ్రామాలలో ఇప్పుడు లేవనీ కంపెనీ ఉద్యోగియై ఉండి రాశాడు. ఇరవయ్యవ శతాబ్దిలో చర్చ అంతా ఈ భాగం చుట్టూనే తిరిగింది. 1931లో లండనులో గాంధీజీ భారతీయ విద్యను ‘సుందరవృక్షం’గా వర్ణించి అది నాశనమైందనడం, దానిపై ఫిలిప్ హార్టాగ్ వివాదం, 1983లో ధరంపాల్ ఆ మాటే శీర్షికగా మద్రాసు నివేదికలను ప్రచురించడం అందరికీ తెలిసినవే. ఎన్ని బడులు ఉండేవన్న ప్రశ్న ముఖ్యమే. కాని ఉభయపక్షాలూ సంఖ్యల మీదే పోరాడటంతో, ఆ బడిలో ఏ భాష ఏ పద్ధతిలో నడిచిందన్న ప్రశ్న వెనకబడిపోయింది.

4. నేర్చుకునేవాడుగా బ్రౌన్

పిల్లవాడి స్థానంలో పెద్దవాడిని, అదీ తెలుగు ఏమాత్రం తెలియని విదేశీయుణ్ణి నిలబెడితే ఈ సమస్య ఇంకా స్పష్టమవుతుంది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు చేరి, ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో తెలుగు చదివి, 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. పండితుల దగ్గర నేర్చిన భాష ఒకటి, కచ్చేరిలో రైతు మాట్లాడే భాష ఒకటి. ఆ తరువాతి మూడు దశాబ్దాల కృషిని ఈ ఎడాన్ని పూడ్చే ప్రయత్నంగా చదవవచ్చు. కావ్యాలను పరిష్కరించిన చేతితోనే ఆయన 1851లో వాడుక రచనలతో తెలుగు రీడరును, 1854లో కోర్టులలోను, కచ్చేరులలోను వినిపించే అన్యదేశ్యాలకు మిశ్రభాషా నిఘంటువును వెలువరించాడు. కావ్యభాషకు చెందని మాటలను నిఘంటువుకు ఎక్కించడం ఆనాడు చిన్న సాహసం కాదు.

ఈ వ్యాసక్షేత్రానికి మరింత దగ్గరిది 1853లో ఆయన ప్రచురించిన అనంతపుర చరిత్ర. హండె పాలెగాళ్ళ యుద్ధాలను, సంధులను చెప్పే ఈ వచనం పద్దెనిమిదవ శతాబ్ది చివర, పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో పుట్టినది. మాట్లాడే భాషకు దగ్గరగా ఉన్నది. బ్రౌన్ దాన్ని ఇంగ్లీషు అనువాదంతో భాషార్థుల కోసం అందించాడు. తెలుగు నేర్చుకోవాలనుకునే ఇంగ్లీషువాడికి అనంతపురం సీమ వాడుక వచనం పాఠ్యగ్రంథమైంది. అదే సంవత్సరం పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడింది. 1858లో బాలవ్యాకరణం వచ్చింది. తెలుగు పిల్లవాడికి పాఠ్యమైనది ఇది. పరాయివాడికి జీవద్భాష, సొంతబిడ్డకు కావ్యభాష. చరిత్రలో ఇంత సూటియైన వ్యంగ్యం అరుదు. చిన్నయసూరి వచన సౌష్ఠవాన్ని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ సౌష్ఠవాన్ని పసివాడి తొలిమెట్టుగా నిర్ణయించిన విద్యావ్యవస్థ గురించే.

అచ్చుపుస్తకం, ఇన్‌స్పెక్టరు, పరీక్ష వచ్చాక పంతులు సేకరించుకున్న ఉత్తరాల కట్టకు బడిలో చోటు లేకపోయింది. పాఠ్యం ఊరి నుంచి రావడం ఆగి, మద్రాసు నుంచి రావడం మొదలైంది. వల్లెవేత మాత్రం చెక్కుచెదరలేదు. క్యాంబెల్ దోషమన్నది నిలిచింది. ఆయన పెద్దగా పట్టించుకోని గుణం పోయింది.

5. గిడుగు, ఆ తరువాత

వ్యావహారిక భాషోద్యమ చరిత్ర సుపరిచితం కనుక ఇక్కడ విస్తరించనవసరం లేదు. ఒక్క అంశం చాలు. పర్లాకిమిడిలో చరిత్ర ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి, వ్యాకరణమూ నిఘంటువూ లేని సవర భాషను సవరల నోటి నుంచే నేర్చాడు. ఆపైన వారి పిల్లలకు వారి భాషలోనే బడి పెట్టాడు. భాష ఎలా అబ్బుతుందో స్వానుభవంతో తెలుసుకున్న మనిషి కావడం వల్లనే, బడి తెలుగు గురించి ఇన్‌స్పెక్టరు జె.ఏ. యేట్స్ వేసిన ప్రశ్న ఆయనకు బలంగా తగిలింది. 1913లో ఆధునికాంధ్రంపై ఆయన సమర్పించిన విజ్ఞాపనం, 1914లో గురజాడ అసమ్మతిపత్రం రెండూ సాహిత్యవాదాలుగా ప్రసిద్ధికెక్కాయి కాని, మూలంలో అవి బోధనాశాస్త్ర పత్రాలు.

ఉద్యమం చివరికి గెలిచింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కాలానికి పాఠ్యగ్రంథాల్లో వ్యావహారికం స్థిరపడుతూ వచ్చింది. అయితే ఆ గెలుపు ముదిగుబ్బ దాకా పూర్తిగా రాలేదు. వాచకంలోకి వచ్చిన శిష్టవ్యావహారికానికి కోస్తా జిల్లాల విద్యావంతుల భాష ఆధారం. ఇంట్లో ‘యాడికి పోతాండావు’ అనే బిడ్డ పుస్తకంలో ‘ఎక్కడికి వెళుతున్నావు’ చదవాలి. చెనక్కాయ చేనులో పెరిగిన బిడ్డ ‘వేరుశనగ’ అని రాయాలి. తెలుగు ఇంటిభాషగా ఉన్నవారికి ఇది చిన్న మెట్టు. రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చెప్పే ఉపాధ్యాయుడుంటే నెలల్లో దాటిపోతుంది. తండా బిడ్డకు ఇది రెండు మెట్లు. ఊరి తెలుగును సహజంగా ఆర్జించి ఆమె ఎక్కిన మొదటి మెట్టును బడి లెక్కలోకి తీసుకోదు. దాన్ని తప్పుల భాషగా దిద్దుతుంది. 2003–04 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బంజారా, సవర, కోయ, గోండి మొదలైన ఎనిమిది భాషలలో సాగిన బహుభాషా విద్యాకార్యక్రమం ఈ లోపాన్ని గుర్తించిన ప్రయత్నం. 2019లో ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమంపై వెలువడిన ఉత్తర్వు, 2020 ఏప్రిల్‌లో దాన్ని హైకోర్టు కొట్టివేయడం ఆ చర్చను తెలుగా, ఇంగ్లీషా అన్న ద్వంద్వానికి కుదించాయి. తండా బిడ్డకు ఆ రెండూ ఇంటిభాషలు కావన్న సంగతి ఆ వాగ్వాదంలో వినపడలేదు.

ఇక సహజార్జనే సర్వస్వమనడం కూడా పొరపాటే. 1979లో జిమ్ కమిన్స్ చేసిన విభజన ఇక్కడ ఉపకరిస్తుంది: నలుగురిలో మాట్లాడే నేర్పు వేరు, చదువుకు కావలసిన భాషానైపుణ్యం వేరు. మొదటిది వచ్చినంత మాత్రాన రెండవది దానంతటది రాదు. దానికి బడి కావాలి, పంతులు కావాలి. ప్రశ్నల్లా ఆ పంతులు చేతిలో ఏ కాగితం ఉందన్నదే. 1979 నుంచి 1984 వరకు బెంగళూరు కేంద్రంగా ఎన్.ఎస్. ప్రభు నడిపిన ఇంగ్లీషు బోధనా ప్రయోగంలో వ్యాకరణ పాఠాలకు బదులు రైళ్ళ వేళల పట్టికలు, దారిపటాలు ఇచ్చి పిల్లలచేత లెక్కలు తేల్పించారు. పని మీద దృష్టి ఉన్నప్పుడు భాష అలవడుతుందన్నది సూత్రం. ప్రపంచవ్యాప్తంగా కృత్యాధార బోధన అన్న పేరుతో ఇది వ్యాపించింది. చేతిరాత ఉత్తరాల కట్టతో వీధిబడికి వచ్చిన బళ్ళారి పంతులు దీన్ని చూస్తే ఆశ్చర్యపోయేవాడు కాడు.

6. కచ్చేరి కాగితం నేడు

2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం దేశంలో మొదట ఆరంభమైనది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆనాటి నుంచి ఈ పీఠభూమిలో పేద ఇంటికీ ఒక కాగితం వచ్చింది: జాబ్‌కార్డు. పనిదినాలు, కూలి, బ్యాంకు ఖాతా వివరాలు, మస్టరు. దాని పక్కన పంటబీమా రసీదు, పట్టాదారు పాసుపుస్తకం, రేషను కార్డు. తండాలలో అనేక ఇళ్ళలో వీటిని పెద్దలకు చదివి చెప్పవలసింది బడికి వెళ్ళే పిల్లలే. అవ్వ లంబాడీలో అడుగుతుంది. కాగితం తెలుగులో, అంకెలు, కొన్ని మాటలు ఇంగ్లీషులో. బిడ్డ మూడింటి మధ్య తిరుగుతూ ఈ వారం ఎన్ని రోజుల కూలి పడిందో, ఎన్ని పడలేదో లంబాడీలో చెబుతుంది. పడని రోజు ఉంటే ఆ కాగితం పట్టుకుని మరునాడు మండలాఫీసుకు పోవాలి. ఏ మాటను ఎలా చదవాలో, ఏది తప్పిపోతే ఎంత నష్టమో ఆ బిడ్డకు ఎవరూ వివరించనక్కరలేదు. మరునాడు తెలుగు పీరియడులో ఆమె ముందు ఉండేది వాచకమే. జాబ్‌కార్డు ఇంట్లో దూలానికి వేలాడే సంచిలో ఉంటుంది.